తర్వాత చదవాల్సిన ఉత్తరాలు

"కళ్ళద్దాలు మార్చుకోవాలి గానీ, ప్రోగ్రామే మార్చేస్తారా ఎవరైనా?"

"అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే నమ్మవేం? పాతదైతే కళ్ళకి హాయిగా ఉండేది."

"మీ కళ్ళ హాయి కోసం నా ఉత్తరాలన్నీ మాయం చేశారు."

"మాయం చెయ్యలేదని చెప్తున్నానా! కొత్త వెర్షన్ తీసేసి పాతది వేశాను. అంతే. మా లిఫ్టుల్లో కొత్త బోర్డు మొరాయిస్తే పాత బోర్డే తెచ్చి పెడతాం. పని నడుస్తుంది."

"లిఫ్టు కిందికి దిగితే మనుషులూ దాంతోపాటే దిగుతారండీ. ఇక్కడ ప్రోగ్రాం ఒక్కటే దిగొచ్చింది. నా ఉత్తరాలు పైనే ఉండిపోయాయి."

సోఫాలో పేపరు చదువుతున్న మా అత్తయ్య పేపరు దించకుండానే అన్నారు. "నాలుగోసారి. పొద్దుట్నుంచి ఇవే మాటలు నాలుగోసారి."

నిజమే. నిన్న, బుధవారం సాయంత్రం, మా ఆయనతో మొదలైన గొడవ, రాత్రి పడుకుంటే ఆగి, తెల్లారి కాఫీలతో మళ్ళీ లేచింది. కానీ అసలు గొడవ నిన్నటిది కాదు. ఆదివారం పిన్ని చేసిన ఫోనుది.

"మీ అక్క ఊరు వదిలి వెళ్ళిపోతోందిటగా? శనివారం సామాను లారీ వస్తోందిట. నీకు చెప్పలేదా?" అంది పిన్ని.

చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు ఒకే ఆసుపత్రిలో నర్సుగా చేసిన మా అక్క, ఎక్కడో సముద్రపు ఒడ్డున కొత్త ఆసుపత్రిలో చేరబోతోందని లోకమంతటికీ తెలుసు. నాకు తప్ప. మేమిద్దరం మాట్లాడుకుని నాలుగేళ్ళయింది. అమ్మ పోయాక, అమ్మ కుట్టుమిషను ఎదురింటి దర్జీ ఆవిడకి ఇచ్చేసింది అక్క, నాతో ఒక్క మాట కూడా అనకుండా. ఆ మిషను చప్పుడు వింటూ నిద్రపోయిన దాన్ని నేను. అక్కకేమో అది గదిలో చోటు తినే ఇనప సామాను. ఒళ్ళు మండి ఒక పెద్ద ఉత్తరం రాశాను. ఫోన్లో అయితే రెండో నిమిషానికి ఇద్దరి గొంతులూ లేస్తాయి కాబట్టి, 'ఫోను చెయ్యొద్దు, చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే రాయి' అని కింద చేర్చాను.

అక్క రాయలేదు. ఒక్క ముక్క కూడా.

ఈ మాట నాలుగేళ్ళలో ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. ఈ వారమైతే ఇంట్లో గోడలకి కూడా చెప్పాను. "పోనీ నువ్వే ఒకసారి పలకరించకూడదూ?" అని అత్తయ్య అన్నందుకు నాకు పంతం వచ్చింది. ఆఖరి ఉత్తరం నాదేనని తేదీతో సహా చూపిస్తాను అంటూ నిన్న సాయంత్రం భోజనాల గది మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే, అదేదో నన్ను ఎప్పుడూ చూడనట్టు, 'స్వాగతం! మీ పేరేమిటి?' అని అడిగింది.

పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల దగ్గరే కూర్చుని పుస్తకాలకి ఇండెక్సులు తయారుచేస్తున్నాను. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుందే, అది. ఎంత లావు పుస్తకంలోనైనా ఎక్కడేముందో చెప్పగలిగిన మనిషిని, నా పేరేమిటని అడిగితే ఎలా ఉంటుంది?

ఆయన్ని నిలదీస్తే సగం సగం బయటికొచ్చింది. సోమవారం ప్రోగ్రాం తనంతట తనే కొత్త వెర్షన్‌కి మారిందిట. మంగళవారం ఈయన దాన్ని తీసేసి, అటకమీది డబ్బాలోంచి పాత డిస్కు తెచ్చి ఎక్కించారుట. తెరవబోతే, 'ఈ ప్రొఫైల్‌ని ఇంతకంటే కొత్త వెర్షన్‌తో వాడారు, ఇందులో తెరవడం కుదరదు' అని ఒక చిన్న గడి వచ్చిందిట. కింద రెండే బొత్తాలు. కొత్త ప్రొఫైల్ తయారుచెయ్యి, లేదా మూసెయ్యి.

"మూసెయ్యడం ఎందుకని..." అన్నారాయన.

"తయారుచెయ్యి అన్నారు."

"అంతే కదా మరి!"

మా ఉత్తరాలేమో ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి ప్రకారం కంప్యూటర్‌లోకి దిగి, అవతల మెయిల్ కంపెనీ దగ్గర చెరిగిపోతాయి. అంటే ఉంటే ఈ డబ్బాలో ఉండాలి, లేకపోతే ఎక్కడా లేనట్టే.

పదిగంటలకి రిపేరు షాపు ఆవిడకి ఫోను చేశాను. ఆవిడ ఎవరితోనూ మర్యాదగా మాట్లాడదు, కానీ పని తెలిసిన మనిషి.

"ముందు ఇది చెప్పండమ్మా. ఏమైనా డిలీట్ చేశారా?"

"నేను చెయ్యలేదు."

"మీవారు?"

"చెయ్యలేదంటున్నారు. ఆయన మాట ఎంతవరకు నమ్మాలో తెలీదు."

"అయితే ఆయన్ని అక్కణ్ణుంచి లేపండి."

లేపాను. ఆయన మొహం ముడుచుకుని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. మా అమ్మాయి కాలేజీకి సెలవు కావడంతో, కాళ్ళు పైకి పెట్టుకుని కుర్చీలో కూర్చుని వినోదం చూస్తోంది.

"ప్రొఫైల్ అంటే మీ సామానంతా ఉన్న గది అనుకోండి," అంది షాపు ఆవిడ. "పాస్‌వర్డులు, సెట్టింగులు, ఉత్తరాలు అన్నీ అందులోనే. కొత్త వెర్షన్ ఆ గదికి కొత్త తాళం వేసింది. పాత తాళంచెవితో అది రాదు. అందుకని మీవారు పక్కనే ఖాళీ గది కట్టించి, మిమ్మల్ని అందులో కూర్చోబెట్టారు. అసలు గది ఎక్కడికీ పోలేదు. పాత వెర్షన్ తీసేసి, మళ్ళీ కొత్తదే వేసుకోండి."

వేసుకోవడానికి గంట పట్టింది. నెట్ మధ్యలో రెండుసార్లు ఆగింది. నీలం గీత నత్తలా పాకుతుంటే నేను రెప్ప వెయ్యకుండా చూశాను. చివరికి తెరుచుకుంది.

'స్వాగతం! మీ పేరేమిటి?'

ఏడుపొచ్చినంత పనైంది. "ఇదేం కర్మ! కొత్తది వేసినా అదే అడుగుతోంది!"

"అమ్మా, దానికి పేరు చెప్పేస్తే ఒక పనైపోతుంది కదా," అంది మా అమ్మాయి.

"నువ్వు నోరు మూసుకుంటే రెండు పనులవుతాయి."

మళ్ళీ ఫోను. షాపు ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది. "ఇంకా ఆ ఖాళీ గదిలోకే వెళ్తోందమ్మా. దాన్ని మూసి, ఏ ప్రొఫైల్ కావాలో అడిగేలా తెరవాలి. చెప్తాను, ఒక్కో అక్షరం కొట్టండి."

ఆవిడ చెప్పినట్టు కొట్టాను. ఒకటి తప్పు కొట్టి, తిట్లు తిని, మళ్ళీ కొట్టాను. ఈసారి చిన్న పట్టిక వచ్చింది. రెండే పేర్లు. పైనది మంగళవారం పుట్టింది. కిందది తొమ్మిదేళ్ళ కిందటిది. కిందదాని మీద నొక్కాను.

నా ఇల్లు నాకు తిరిగొచ్చింది. ఎడమవైపు అన్నిటికన్నా పైన, ఇదివరకు లేని 'చదవనివి' అనే వరుస ఒకటి, దాని కింద నా పుస్తకాల పేర్లు, ప్రచురణకర్తల పేర్లు, ఆయన లిఫ్టు కంపెనీ నోటీసులు. పాస్‌వర్డ్ అడగలేదు. ఉత్తరం కింద పడే నా సంతకంతో సహా అన్నీ ఉన్నాయి.

"వచ్చేశాయి! అన్నీ వచ్చేశాయి!" అని అరిచాను. అందరూ నవ్వారు. ఆయన ఒక్కరే కిటికీ దగ్గరే ఉండిపోయారు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

"ఫిల్టర్లు కూడా వచ్చాయేమో చూసుకోండి," అంది ఫోన్లో ఆవిడ.

"ఫిల్టర్లేమిటి?"

"ఫలానావాళ్ళ ఉత్తరం వస్తే ఫలానా డబ్బాలో వెయ్యి అని మనం పెట్టుకునే రూల్స్. అవి పోతే జనం నామీద పడతారు."

"నేనెప్పుడూ అలాంటివి పెట్టలేదు," అంటూనే ఆవిడ చెప్పిన చోట నొక్కాను.

ఒకే ఒక్క వరుస ఉంది. పక్కన టిక్కు.

'అక్క నుంచి వస్తే — తర్వాత చదవాలి.'

"ఉన్నాయా?" అంది ఆవిడ.

"ఉంది," అన్నాను. ఫోను పెట్టేశాను. థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయాను.

మనిషికి కొన్ని గుర్తుకు రావు. కానీ వచ్చినప్పుడు, కూర్చున్న కుర్చీతో సహా వస్తాయి. నాలుగేళ్ళ కిందట ఇదే కుర్చీ. మొక్కల వైద్యం మీద ఎనిమిది వందల పేజీల పుస్తకం, వారంలో ఇండెక్సు ఇచ్చెయ్యాలి. అక్కకి ఆ పెద్ద ఉత్తరం పంపేశాను. జవాబు వస్తే చదవకుండా ఉండలేను, చదివితే ఏడవకుండా ఉండలేను, ఏడిస్తే పని సాగదు. వారం రోజులు దాన్ని పక్కన పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాను. వారమే. అయిపోయిన పుస్తకాల ఉత్తరాలు పడేసే 'పాత పనులు' అనే డబ్బాలో ఇంకో చిన్న డబ్బా చేసి, దానికి ఆ పేరు పెట్టాను. ఆ పుస్తకం వారంలో అయిపోలేదు. మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఇంకో పుస్తకం వచ్చింది. నేను రోజూ వచ్చిన ఉత్తరాల్లో అక్క పేరు కోసం వెతికాను. దొరకలేదు. దొరకదు కదా!

'పాత పనులు' తెరిచాను. లోపల, లావు అక్షరాల్లో, చదవనివాటి లెక్కతో సహా: 'తర్వాత చదవాలి — 60.'

నేను చూస్తుండగానే కిందివైపు ఏదో చక్రం తిరిగింది. మూడు రోజులుగా ఆగిపోయిన ఉత్తరాలు దిగుతున్నాయి. వచ్చిన ఉత్తరాల్లో ఏమీ పడలేదు. ఎడమవైపు అంకె మాత్రం కదిలింది.

61.

ఎవరూ ముట్టుకోకుండానే. నాలుగేళ్ళుగా అది చేస్తున్న పనే, నా కళ్ళముందు ఇంకొక్కసారి చేసి చూపించింది.

మా అమ్మాయి కుర్చీలోంచి లేచి నా భుజం మీదుగా చూసింది. "పెద్దమ్మ ఉత్తరాలా? ఇన్నా? రాయలేదన్నావుగా?"

పట్టిక చూడటం నా వృత్తి. వందల వరుసల్లో ఒక్క వరుస తేడాగా ఉంటే నా కన్ను అక్కడే ఆగుతుంది. అన్నీ లావుగా, చదవనివిగా ఉన్నాయి. పైనుంచి రెండోది మాత్రం సన్నగా ఉంది. అంటే దాన్నెవరో తెరిచారు. పక్కనే జవాబిచ్చిన గుర్తుగా వెనక్కి తిరిగిన చిన్న బాణం. సోమవారం.

"ఏమండీ," అన్నాను.

ఆయన ఇటు తిరగలేదు.

"అక్షరాలు చీమల్లా ఉన్నాయా?"

ఆయన కిటికీ గొళ్ళెం తీసి మళ్ళీ వేశారు.

"కొత్త వెర్షన్ చదవనివన్నీ పైకి తెచ్చి చూపించింది. అవునా? అది చూశారు. అందుకే తీసేశారు."

"ఒరేయ్," అన్నారు అత్తయ్య. ఈసారి పేపరు దించారు.

ఆయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆగిపోయిన లిఫ్టులో చిక్కుకున్న మనుషులతో మాట్లాడేటప్పటి గొంతు ఒకటుంది ఆయనకి. అదే గొంతుతో మొదలుపెట్టారు. "ఇదిగో, కంగారు పడకు. సోమవారం నా డ్యూటీ చార్టు కోసం తెరిచాను. ఎదురుగా అది కనిపించింది. అన్నిటికన్నా పైనున్నది ఒక్కటే చదివాను. మిగతావి ముట్టుకోలేదు, ఒట్టు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఆదివారం నుంచీ నువ్వు ఊగిపోతున్నావు. అక్క రాయలేదు, అక్క రాయలేదని పిన్నిగారితో అన్నావు, అమ్మతో అన్నావు, కింది వాటా వాళ్ళతో కూడా అన్నావు. ఆ రాయకపోవడం నీ చేత్తో నువ్వు చేసుకున్నదేనని నా నోటితో ఎలా చెప్పను?"

"అందుకని దాచేద్దామనుకున్నారు."

"పాత వెర్షన్ వేస్తే అది మళ్ళీ 'పాత పనులు' మడతలోకి వెళ్ళిపోతుందనుకున్నాను. ఇలా అన్నీ పోతాయనుకోలేదు."

ఆ గొంతు నా దగ్గర పనిచెయ్యలేదు. "జవాబేమిచ్చారు?"

ఆయన చెప్పేదాకా ఆగకుండా నేను పంపిన ఉత్తరాల డబ్బా తెరిచాను. సోమవారం, మధ్యాహ్నం రెండూ పది. పంపినవారి చోట నా పేరు. కింద నా సంతకం.

'అక్కా, నేను ఇక్కడ క్షేమం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందినది. శుక్రవారం సాయంత్రానికి నేను వచ్చుచున్నాను. మిగతా విషయములు ముఖాముఖి.'

"లిఫ్టు సర్వీసు రిపోర్టులా ఉంది నాన్నా," అంది మా అమ్మాయి.

ఇంకోసారైతే నేనూ నవ్వేదాన్నే. "నేను వస్తానని నా పేరుతో రాశారు. నాకు చెప్పకుండా."

"నువ్వెలాగూ వెళ్ళాలనే అనుకుంటావు కదా, చదివితే! గురువారంలోగా ఏదో ఒకలా నిన్ను ఒప్పించి బస్సెక్కిద్దామనుకున్నాను. వదినగారి ఉత్తరం అలా ఉంది మరి. నువ్వే చూడు."

చూశాను. ఆయన తెరిచిన ఆ సన్నటి వరుస.

'చిట్టీ, దర్జీ ఆవిడ మిషను తిరిగిచ్చేసింది. నేనే అడిగాను. రెండేళ్ళు అడిగితే ఇచ్చింది. శనివారం లారీ వస్తుంది. నీకు కావాలంటే వచ్చి తీసుకెళ్ళు. రాయమన్నావని రాస్తూనే ఉన్నాను, నువ్వే పలకలేదు. ఇక రాయను. ఇదే ఆఖరిది.'

చిట్టీ అని నన్ను పిలిచే మనిషి ఈ లోకంలో ఇంక ఒక్కతే ఉంది.

ఆ పైనున్నది ఇందాక నా కళ్ళముందు దిగిన ఉత్తరం. మా అమ్మాయే నొక్కింది.

'చిట్టీ, నీ జవాబు నాలుగుసార్లు చదివాను. నీ మాటలా అనిపించలేదు. నాలుగేళ్ళలో మనిషి మాట మారదా ఏమిటి అనుకున్నాను. మిషనుకి నూనె వేయించాను. సామానంతా కట్టేశాను గానీ, వంటగది ముట్టుకోలేదు. అమ్మ గిన్నెలున్నాయి. నువ్వొచ్చాక ఇద్దరం కలిసి కడదాం. ఏది ఎవరికో అప్పుడే చూసుకుందాం. ఈసారి నిన్నడక్కుండా ఒక్క గరిటె కూడా ఎవరికీ ఇవ్వను.'

పొయ్యిమీద కూర అడుగంటుతున్న వాసన వస్తే అత్తయ్య వెళ్ళి కట్టేసి వచ్చారు.

"నామీద కోపం తర్వాత తీర్చుకుందువుగాని," అన్నారాయన చివరికి. "ముందు వెళ్ళు. ఆ ఉత్తరం నువ్వు రాసినట్టే ఉండనీ. వదినగారికి తెలియాల్సిన పనేముంది?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే?"

"కంప్యూటర్ పాడైందని చెప్పు," అంది మా అమ్మాయి. "అబద్ధం కూడా కాదు. మెయిల్స్ అన్నీ ఎక్కడో ఇరుక్కుపోయాయి, మొన్నే రిపేరు చేయించాం, అప్పుడు బయటపడ్డాయి, అను. దానికి నోరుందా కాదనడానికి?"

"బాగానే ఉంది," అన్నారాయన ఊపిరి పీల్చుకుని. "కావాలంటే నామీద పెట్టెయ్. మా ఆయన పాత వెర్షన్ వేసి తగలేశాడను. నాకేం, పడతాను."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు తియ్యగానే వినిపించింది. ఎంత సులువు! తప్పు ఒక డబ్బాది, పేరు ఒక వెర్షన్‌ది. అక్క నవ్వేస్తుంది. గిన్నెలు సర్దుకుంటాం. నాలుగేళ్ళూ ఎవరిదీ కాకుండా పోతాయి.

భోజనాలకి కూర్చున్నాం. ఎవరి కంచం వాళ్ళది. అత్తయ్య సగం తిని, చెయ్యి ఆపి, కొడుకు వైపు చూశారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి.

"ముప్ఫై రెండేళ్ళు లైన్లు కలిపానురా. ఏడ్చేవాళ్ళని కలిపాను, తిట్టుకునేవాళ్ళని కలిపాను. లైను తప్పు కలిస్తే క్షమించమని చెప్పి మళ్ళీ కలిపాను. అంతేగానీ, అవతలివాళ్ళు పలకట్లేదని వాళ్ళ బదులు నేను మాట్లాడానా ఒక్కనాడైనా?"

ఆయన తలొంచుకుని అన్నం కెలికారు. ఆ మాట ఆయనకే అయినా, సగం నాకూ తగిలింది. లైను తీసి పక్కన పెట్టింది నేను. పెట్టి, అవతల పలకట్లేదని ఊరంతా చెప్పుకున్నది నేను.

లేచి చెయ్యి కడుక్కున్నాను. కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, ఆ ఒక్క వరుస పక్కనున్న టిక్కు తీసేశాను. చదవని అరవై ఒక్కటిలో ఇవాళ తెరిచింది ఒక్కటే, ఇంకా అరవై అలాగే ఉన్నాయి. వాటినిప్పుడు చదవాలనిపించలేదు. ప్రింటు తియ్యమని నొక్కాను. పక్కనున్న ప్రింటరు ఒక్కో కాగితమే బయటికి తోస్తుంటే, ఆ చప్పుడులో తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

"రేపు పొద్దున ఆరింటి బస్సుకి అక్క దగ్గరికి వెళ్తున్నాను," అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. పొద్దుట్నుంచి అరిచిన గొంతు కాదది.

ఆయన మొహం వికసించింది. "చూశావా! నేను చెప్తూనే..."

"నన్ను చెప్పనివ్వండి. దారిలో ఇవన్నీ చదువుతాను. వెళ్ళాక, గుమ్మంలోనే, వస్తున్నానని రాసింది నేను కాదని చెప్తాను."

"అమ్మా!" అంది మా అమ్మాయి. "పెద్దమ్మ వంటగది కూడా కట్టకుండా కూర్చుంది. ఆవిడ ఏమైపోతుంది?"

"నాలుగేళ్ళు తన ఉత్తరాలు ముట్టకుండా పక్కన పెట్టింది కూడా నేనేనని చెప్తాను. కంప్యూటర్ కాదు, మీ నాన్నా కాదు. ఆ రెండూ విన్నాక, వంటగదిలోకి రమ్మంటే వెళ్ళి గిన్నెలు కడతాను. వద్దంటే, మిషను అక్కడే ఉంచేసి సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను. ఎవరూ ఆవిడకి ముందుగా ఫోను చెయ్యొద్దు."

ఆయన వైపు చూసి, మళ్ళీ అన్నాను. "ఎవరూ."